పన్నెండు గంటల ఒక్క నిమిషం

చూలై పేటలో ఆ సందులోకి తిరిగితే ముందు సిరా వాసన తగులుతుంది, తర్వాత అచ్చు మెషిన్ల చప్పుడు వినిపిస్తుంది. రోజుకో కాగితం చింపే డైలీ షీటు క్యాలెండర్లు అక్కడ లక్షల్లో తయారవుతాయి. క్యాలెండర్లు నిజమైనవే, వ్యాపారమూ నిజమే. కాకపోతే పేపర్ రీళ్ళ గోడౌన్ వెనక ఒక ఇనుప తలుపుంది. దాని అవతల కూర్చునేవాళ్ళు ఢిల్లీకి జవాబు చెప్పుకునే మనుషులు. ఈ సంగతి ఆ వీధిలో ఎవరికీ తెలియదు, ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్నాయనకి తప్ప. ఆయనకి తెలియని సంగతంటూ ఏదీ లేదు లెండి.

శుక్రవారం ఉదయం ఎనిమిదీ నలభై. ఏజెంట్ జనని ఇనుప తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి చీఫ్ ఆదికేశవులు గోడ క్యాలెండర్ ముందు నిలబడి నిన్నటి షీటు చింపుతున్నాడు. అరవై దాటిన మనిషి. నుదుటి మీద సన్నటి తిరుమణి, చొక్కా జేబులో నాలుగు రంగుల పెన్నులు. చింపిన షీటుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకునేదాకా ఆయన నోరు విప్పడు.

"కూర్చో అమ్మణ్ణీ. టైమ్ లేదు. పదిన్నరకి రాహుకాలం పట్టేస్తాది. ఆ లోపల నువ్వు తిరువొత్తియూరులో గేటు దాటి లోపలుండాల."

"శత్రువులకి పంచాంగం తెలియదు సార్," అంది జనని.

"వాళ్ళకి తెలియకపోతే పోనీ. నాకు తెలుసు కదా."

జనని నవ్వింది కాని ఆయన నవ్వలేదు. టేబుల్ మీద ఒక ఫోల్డర్ ముందుకి తోశాడు.

తిరువొత్తియూరులో సముద్రం పక్కన సాగరనేత్ర సిస్టమ్స్ అని ఒక ఫ్యాక్టరీ. చేపల పడవల్లో దాచిపెట్టే చిన్న రిసీవర్లు అక్కడే తయారవుతాయి. అలాంటి పడవలు మొత్తం పన్నెండు. చూసేవాళ్ళకి వల వేసుకునే జాలర్లు, నిజానికి మన తీరం చెవులు. ఏ పడవలో రిసీవర్ ఉందో, దాన్ని నడిపేదెవరో పేర్లతో సహా ఉన్న ఒక ఫైల్ ఆ ఫ్యాక్టరీ సర్వర్లో ఉంది. దాని కోసం ఒక విదేశీ ముఠా ఏడాదిగా కాచుకుని కూర్చుంది. డిపార్ట్‌మెంట్ ఆ ముఠాకి పెట్టిన పేరు ‘కొంగ’.

జననికి ఆ పడవలు తెలుసు. పన్నెండు పడవల్లో మొదటిది కన్నియప్పన్‌ది. తిరువొత్తియూరు జాలర్ల కుప్పంలో ఇసుక మీద కూర్చుని మూడు సాయంత్రాలు బతిమాలి అతన్ని ఒప్పించింది తనే. మూడో రోజు అతని భార్య పొన్నుతాయి చేపల గంప దించి సూటిగా ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: మా ఆయన పేరు ఏ కాగితం మీదైనా ఎక్కుతుందా? ఎక్కదు అని జనని చేతిలో చెయ్యేసి చెప్పింది.

"పేరు ఫైల్లోకి ఎలా ఎక్కింది సార్?"

"రిసీవర్ రిపేరుకి వస్తే ఎవరిదో తెలియాల కదా అని ఎవడో మేధావి రాసి పెట్టినాడు."

"పడవలు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"నడి సముద్రంలో. నిన్న పోయినాయి, సాయంత్రం దాకా రావు. ఆ రిసీవర్లు వింటాయే గాని మాట్లాడవు. మనం హెచ్చరించాలన్నా దారి లేదు. ఫైల్ ఒకసారి బయటికి పోయిందా, గంటలో కొంగ పడవలు ఆళ్ళ మీద పడతాయి."

జనని ఫోల్డర్ తెరిచింది. ఫ్యాక్టరీ ఐటీ హెడ్ ముఖేష్ పంపిన రిపోర్టు. సర్వర్‌కి కాపలాగా ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఈ నెలలో మూడుసార్లు ఎవరో ఆ కాపలాని కాసేపు నిద్రపుచ్చారు. దాని లాగ్‌లో పడిన టైములు: సోమవారం 3:31, శనివారం 5:01, శుక్రవారం 6:31. మూడుసార్లూ వాడింది నైట్ షిఫ్ట్ ఆపరేటర్ ఆరోగ్యసామి పాస్‌వర్డ్. అతని డ్యూటీ రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా. సెట్టింగ్స్‌లో ఇంకో షెడ్యూల్ కూడా దొరికింది. ఈ రోజు 6:31కి ఫైల్ దానంతట అదే బయటికి పోవాలి. పొద్దున నాలుగింటికే ఆరోగ్యసామిని పట్టుకుని గదిలో కూర్చోబెట్టారు. 6:31 దాటింది, ఏమీ జరగలేదు. ఇదీ రిపోర్టు.

"అయితే కేసు అయిపోయినట్టే కదా సార్?"

"ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత సులువుగా అయిపోయిన కేసు నేను చూడలే. కొంగ ముఠాలో మన మనిషొకరు ఉండారు. ‘పని ఈ రోజే’ అని నిన్న కబురు పంపినారు. ఆరున్నర దాటి రెండు గంటలైపోయె. ‘చెడింది’ అని ఇంకో కబురు రావాల కదా? రాలే. అంటే వాళ్ళింకా కాచుకోనే ఉండారు."

"ఎవరా మనిషి?"

"చెప్పను. ఆడే ఉంటారు. అవసరం పడితే ‘నిన్నటి షీటు ఇంకా చింపలేదే’ అంటారు. నువ్వు ‘ఆ పని మా తాతది’ అనాల."

పది నిమిషాల తర్వాత జనని అద్దంలో తనని తను గుర్తుపట్టలేకపోయింది. గంజి పెట్టిన నేత చీర, దళసరి కళ్ళద్దాలు, మెడలో ఇన్సూరెన్స్ కంపెనీ కార్డు. చేతిలో మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో పెరుగన్నం, మధ్య గిన్నెలో ఆవకాయ, కింది గిన్నెలో డిస్కుని చదువుతుందే కాని దాని మీద ఒక్క అక్షరం కూడా రాయని కాపీ పెట్టె. ఫోరెన్సిక్స్‌లో మొదటి పాఠం అది. సాక్ష్యాన్ని చూడాలి, చెయ్యి పెట్టకూడదు.

*

పదీ ఇరవైకి గేటు దాటింది. సెల్‌ఫోన్ గేటు దగ్గర లాకర్లో పెట్టించారు. లోపల ఎవరి దగ్గరా ఫోన్ ఉండకూడదట.

ముఖేష్ ఎదురొచ్చి మరీ తీసుకెళ్ళాడు. నలభై అయిదేళ్ళుంటాయి. మెత్తటి మాట, ఇస్త్రీ మడత నలగని చొక్కా.

"రండమ్మా, ఈడ కూర్చోండి. కాఫీ తాగతారా? మాది పురసవాక్కం. మా తాత కాలం నుంచి ఆడే, బట్టల కొట్టు. నేనొక్కణ్ణే ఈ కంప్యూటర్లలో పడిపోయినా." అతని టేబుల్ మీది మానిటర్ అడ్డంగా ఒక పచ్చ గీత పడి రెపరెపలాడుతోంది. అతను కళ్ళు చికిలించుకునే దానిలో ఏదో చదువుకుంటున్నాడు.

"ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి లాగ్స్ నేను స్వయంగా చూడాలి సార్," అంది జనని. "సెట్టింగ్స్ కూడా."

"చూడండమ్మా, ఎవరొద్దన్నారు? కాకపోతే కన్సోల్ తెరవాలంటే ఎండీ గారి పర్మిషన్ కావాల. పన్నెండు, పన్నెండున్నరకి ఇచ్చేస్తా. అందాకా ఆ షెడ్యూల్‌ని కూడా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పినా. ఎవిడెన్స్ కదా."

మాట తప్పుపట్టడానికి లేదు. సాక్ష్యాన్ని ముట్టుకోవద్దని తను చెప్పాల్సిన మాట అతనే చెప్పాడు. అయినా జననికి ఎక్కడో గుచ్చుకుంది. ఇంతలో ఇద్దరు పనివాళ్ళు కొత్త మానిటర్ ఉన్న అట్టపెట్టె మోసుకొచ్చి, "విప్పేదా సార్?" అన్నారు.

"ఇప్పుడొద్దు. ఆ మూల పెట్టండి, మధ్యానం చూద్దాం," అన్నాడు ముఖేష్, రెపరెపలాడే గీత వంక మళ్ళీ కళ్ళు చికిలించుకుంటూ.

ఆరోగ్యసామిని కూర్చోబెట్టిన గది కారిడార్ చివర ఉంది. తలుపు దగ్గర గార్డు. లోపల యాభై దాటిన మనిషి, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. జననిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నాకు తెలుగు కొంచెం కొంచెం వస్తాదమ్మా. పాస్‌వర్డ్ నాదే. చేసింది నేను కాదు, సత్తియమా, ఒట్టు."

"మీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

అతను తల దించుకున్నాడు. "మర్చిపోతానని కీబోర్డు కింద చీటీ అంటించినా. అందరికీ తెలుసు." మెడలో సిలువ పట్టుకుని, "పన్నెండు దాటినాక పోలీసులు వస్తారని ముఖేష్ సార్ చెప్పినారు. నా బిడ్డకి వచ్చే నెల పెళ్ళమ్మా. ఈ మాట ఆ ఇంటికి పోతే..." అని ఆపేశాడు.

అబద్ధాలాడేవాళ్ళని జనని చాలామందిని చూసింది. వాళ్ళు ఎన్నో వివరాలు చెప్తారు, కాని కీబోర్డు కింద చీటీ సంగతి మాత్రం చెప్పరు. అయినా నమ్మకం వేరు, రుజువు వేరు. రుజువు కన్సోల్లో ఉంది, కన్సోల్ మధ్యాహ్నం దాకా తెరుచుకోదు.

కారిడార్లోకి వచ్చేసరికి ఘుమ్మని సెంటు వాసన. నెమలికంఠం రంగు సిల్కు చీర, మెడ దాకా కత్తిరించిన జుట్టు, ముదురు ఎరుపు లిప్‌స్టిక్. గోడకి ఆనుకుని నిలబడ్డ ఆమె జననిని పైనుంచి కింద దాకా తూకం వేసినట్టు చూసింది. హేమమాలిని. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ మనిషి. నెలకి రెండుసార్లు సింగపూర్ వెళ్ళొస్తుందని ఫోల్డర్లో ఉంది.

"ఏం మేడం, గింత ఎండల పడి వచ్చిన్రు? లాగ్స్ గావాల్నట గద?"

"ముఖేష్ గారు పన్నెండు దాటాక ఇస్తామన్నారు."

"పన్నెండు దాంక ఎందుకు? నా తాన ఎమర్జెన్సీ కీ ఉంది. రాండ్రి, ఇప్పుడే ఇస్త."

మాట్లాడుతుండగానే ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ఏదో సన్నగా వణికింది. ఫోన్! గేటు దగ్గర అందరి ఫోన్లూ లాక్కున్నవాళ్ళు ఈమెదెలా వదిలారు? హేమమాలిని బ్యాగ్‌ని చంక కిందికి జరుపుకుని చిన్నగా నవ్వింది.

సర్వర్ రూమ్ పక్క గదిలో ఆమె కొత్త రిజిస్టర్ తీసి మొదటి పేజీలో టైమ్ వేసి సంతకం చేసింది, పదీ యాభై. సీలు వేసిన కవరు చర్రున చింపి కీ చేతిలో పెట్టింది. ఒక్క ప్రశ్న అడగలేదు. అంత సులువుగా ఇచ్చేసరికి జననికి అనుమానం రెట్టింపైంది. ఇందులో ఏం ఉచ్చు ఉంది? తను ముట్టుకోగానే ఏమన్నా చెరిగిపోతుందా? ముట్టుకున్నది నువ్వే అని రేపు తన మీదికే తోస్తారా?

"ఈ కీతో లాగ్స్, సెట్టింగ్స్ చదవొచ్చు. మార్చాలంటే మాత్రం నా వేలిముద్ర గావాలె," అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. సెంటు వాసన మాత్రం అయిదు నిమిషాలు అక్కడే ఉండిపోయింది.

*

జనని టిఫిన్ క్యారియర్ విప్పింది. కాపీ పెట్టెని కన్సోల్‌కి తగిలించినప్పుడు చేతి గడియారం చూసి డైరీలో రాసుకుంది, 10:52. ఏ పని చేసినా టైమ్ రాసుకోవడం ఆమెకి శిక్షణలో పడిన అలవాటు.

కాపీ అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ కిటికీలోంచి దూరంగా కనిపించే సముద్రం ముక్కని చూస్తూ కూర్చుంది. కన్నియప్పన్ పడవ ఆ నీలంలో ఎక్కడో ఉంది. నమ్మి వెళ్ళాడు. నమ్మించింది తను.

11:32. కాపీ పూర్తి. లాగ్ తెరిచి చివరి నుంచి మొదటికి చదవడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా చివరి ఎంట్రీ తనదే. ‘బయటి పరికరం తగిలించారు.’ పక్కన టైమ్ చూసి జనని కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

5:22.

తను తగిలించింది పదీ యాభై రెండుకి. డైరీలో ఉంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు.

ఓరి దేవుడా! సాఫ్ట్‌వేర్ లాగ్ రాసుకునేది మన టైములో కాదు, గ్రీన్‌విచ్ టైములో. అది మామూలే, ప్రపంచమంతటా అంతే. రిపోర్టు తీసేటప్పుడు సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ మార్చి మన టైములోకి తెచ్చుకోవాలి. ముఖేష్ రిపోర్టులో పైన ‘భారత కాలమానం’ అని స్పష్టంగా అచ్చేసి ఉంది. అంకెలు మాత్రం మారలేదు. లాగ్‌ని చెరపడం ఎవరి తరమూ కాదు, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అందుకని చెరపలేదు. మీద పేరు మాత్రం మార్చారు.

జనని పెన్ను తీసి గబగబా కూడింది. సోమవారం 3:31 అంటే ఉదయం 9:01. శనివారం 5:01 అంటే 10:31. శుక్రవారం 6:31 అంటే మధ్యాహ్నం 12:01. ఆ టైములకి ఆరోగ్యసామి డ్యూటీ దిగి ఇంటికి పోయి నిద్రపోతూ ఉంటాడు!

వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఈ రోజు షెడ్యూల్ కూడా 6:31. పొద్దున ఆరున్నరకి గడిచిపోయిందని అందరూ గుండెల మీద చేతులేసుకుని కూర్చున్నది గడిచిపోలేదు. అది మధ్యాహ్నం పన్నెండు గంటల ఒక్క నిమిషానికి ఉంది.

గడియారం 11:47 చూపిస్తోంది.

ఎవరు? కన్సోల్ ముట్టుకోగలిగేది ముగ్గురే. ఆరోగ్యసామి కాడు. హేమమాలినా? సింగపూర్, దొంగ ఫోన్, అడక్కుండానే ఇచ్చిన కీ. అన్ని వేళ్ళూ ఆమెనే చూపిస్తున్నాయి. జనని మళ్ళీ కాగితం మీది అంకెలు చూసింది. సోమవారం తొమ్మిదీ ఒకటి. శనివారం పదిన్నరా ఒకటి. శుక్రవారం పన్నెండూ ఒకటి. ఈ అంకెలు ఎక్కడో చూసింది. ఎక్కడో కాదు, రోజూ చూస్తుంది. చూలైలో గోడ మీద, షీటు అడుగున, చిన్న అక్షరాల్లో.

సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు.

మూడుసార్లూ రాహుకాలం పోయిన ఒక్క నిమిషానికే పని మొదలైంది. విదేశీ ముఠాలో ఎవడికి పట్టింది ఈ లెక్క? హేమమాలిని రాహుకాలంలోనే సీలు చింపి, కొత్త రిజిస్టర్లో మొదటి సంతకం పెట్టింది. ఆమెకి ఆ ధ్యాసే లేదు. మరి కళ్ళు చికిలించుకుంటూ గీతల మానిటర్ ముందు కూర్చుని, కొత్త మానిటర్ పెట్టె విప్పొద్దన్నదెవరు? ఏం అడిగినా పన్నెండు దాటాక అన్నదెవరు?

దేశాన్ని అమ్మడానికి వెనుకాడని మనిషి రాహుకాలంలో అట్టపెట్టె విప్పడానికి మాత్రం భయపడ్డాడు. జననికి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

*

ముఖేష్ గది ఖాళీగా ఉంది. మూల కొత్త మానిటర్ పెట్టె విప్పకుండానే ఉంది. షెడ్యూల్ ప్రకారం ఫైల్ బయటికి పోవాల్సిన మెషిన్ టెస్ట్ ల్యాబ్‌లో ఏడో నెంబరు. జనని తిరిగి కన్సోల్ దగ్గరికి పరుగెత్తి షెడ్యూల్ రూల్ మీద నొక్కింది. తెర మీద ఒక గడి వచ్చింది. వేలిముద్ర కావాలి.

"ఏం చేస్తున్నరు మేడం?"

గుమ్మంలో హేమమాలిని. ఒక చేతిలో ఆ ఫోన్, రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ లోపల. ఆ బ్యాగ్‌లో లిప్‌స్టిక్ ఒక్కటే లేదని జననికి అర్థమైంది. టిఫిన్ క్యారియర్ పిడి బిగించి పట్టుకుంది.

"ఆ ఫోన్ ఎలా వచ్చింది లోపలికి?"

"ఇన్సూరెన్స్ మేడంలకు గసొంటి పెట్టెలు ఎప్పటి నుంచి ఇస్తున్నరు?" హేమమాలిని కళ్ళు కాపీ పెట్టె మీద ఉన్నాయి. గోడ గడియారం 11:54. తర్వాత హేమమాలిని నెమ్మదిగా, పరీక్ష పెడుతున్నట్టు అంది. "నిన్నటి షీటు ఇంకా చింపలేదే."

జనని ఊపిరి వదిలింది. "ఆ పని మా తాతది."

"అమ్మయ్య! పొద్దుగాల్నుంచి నువ్వే ఆ లోపలి దొంగవనుకున్న." హేమమాలిని బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు పట్టుకున్న చెయ్యి బయటికి తీసి మళ్ళీ లోపల పెట్టుకుంది. "గీ ఫోన్ కొంగ ఇచ్చిందే, దాచి తెచ్చిన. నన్ను నమ్ముతది గని పేరు చెప్పలే, టైమ్ చెప్పలే. ఎవరు?"

"ముఖేష్. పన్నెండూ ఒకటికి ఫైల్ పోతుంది. ఈ రూల్ తీసెయ్యండి!"

హేమమాలిని కుర్చీలో కూలబడి వేలు పెట్టింది. "ఆ మనిషి దీనికి తాళం మీద తాళం ఏసిండు. అయిదారు నిమిషాలు పడ్తది. గీలోపల ఆయన ల్యాబ్‌ల కూసొని ‘ఇప్పుడే పంపు’ అని నొక్కితే మాత్రం నేనేం జెయ్యలేను. ఉరుకు!"

జనని పరుగెత్తింది. గంజి చీర కాళ్ళకి అడ్డం పడుతోంది, టిఫిన్ క్యారియర్ గణగణమంటోంది. రెండు మెట్ల వరసలు, పొడుగాటి వసారా. ల్యాబ్ తలుపు భుజంతో గుద్దితే రెండో దెబ్బకి తెరుచుకుంది.

ఆ చివర, ఇనుప బోనులో బిగించిన ఏడో మెషిన్ ముందు ముఖేష్. తెర మీద ఎర్ర బటన్, దాని మీద ‘ఇప్పుడే పంపు’ అని ఉంది. అతని చెయ్యి మౌస్ మీదే ఉంది. మధ్యలో మూడు బల్లల దూరం.

"అక్కడే ఆగండమ్మా," అన్నాడు ముఖేష్. గొంతు ఇప్పుడు మెత్తగా లేదు. "ఇంకో అడుగు వేస్తే నొక్కేస్తా."

జనని ఆగింది. గోడ గడియారం 11:58. అతని కళ్ళు ఆమె మీద నుంచి గడియారం మీదికి, గడియారం మీద నుంచి ఆమె మీదికి తిరుగుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి. నొక్కితే అయిపోతుంది. నొక్కడం లేదు.

ఈ మనిషిని పట్టి ఆపుతున్నదేమిటో జననికి తెలుసు. కాబట్టి దాన్నే గట్టిగా పట్టుకుంది.

"నొక్కండి ముఖేష్ గారూ. ఎందుకాగారు? ఇంకా రెండు నిమిషాలుందనా?" అంటూ ఒక అడుగు వేసింది. "ఈ టైములో మొదలుపెట్టిన పని ఏమవుతుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు."

ముఖేష్ మొహం పాలిపోయింది. "మీరు... మీరు ఏ ఊరు?"

"చూలై."

"అదీ సంగతి. క్యాలెండర్ల పేట." అతను నీరసంగా నవ్వాడు. నుదుటి మీద చెమట. "పదహారేళ్ళమ్మా. ఈ కాపలా అంతా కట్టింది నేను. నిన్న కాక మొన్న వచ్చినోళ్ళ పేర్లు బోర్డు మీద ఎక్కినాయి, నా పేరు ఏడా లేదు. ఆళ్ళ దేశానికి పోతే నన్ను డైరెక్టర్ చేస్తామన్నారు."

"పన్నెండు పడవల మీద ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎక్కాల్సింది ఏ బోర్డు మీద?" ఇంకో అడుగు. ఇంకోటి. "కన్నియప్పన్ అని ఒకతను ఉన్నాడు. అతని భార్యకి నేను మాటిచ్చాను."

"రెండు నిమిషాలమ్మా," అన్నాడు ముఖేష్, బతిమాలుతున్నట్టు. "రెండే రెండు నిమిషాలు ఆగండి."

అతని చూపు మళ్ళీ గడియారం మీదికి పోయింది. జనని ఆగలేదు. టిఫిన్ క్యారియర్ ఒక్క ఊపు ఊపి విసిరింది. కింది గిన్నె కణతకి తగిలింది. పెరుగన్నం గోడకి, ఆవకాయ ఇస్త్రీ చొక్కాకి అంటుకున్నాయి. ముఖేష్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. జనని అతన్ని బోర్లా తిప్పి చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసేసరికి గడియారం 11:59.

కాని తెర మీద షెడ్యూల్ లెక్క ఆగలేదు. డెబ్భై సెకన్లు. నలభై. కేబుల్ పీకుదామంటే బోనుకి తాళం. తాళంచెవి ఎక్కడని అడిగితే ముఖేష్ కళ్ళు మూసుకున్నాడు. జనని అతని జేబులన్నీ తిరగేసింది. ఇరవై. చొక్కా జేబు, ప్యాంటు జేబు, పర్సు. పది. హేమమాలినీ, ఏం చేస్తున్నావు తల్లీ! అయిదు. నాలుగు. సముద్రంలో పడవ మీద నిలబడి వల లాగుతున్న మనిషి కళ్ళ ముందు కదిలాడు. రెండు. ఒకటి.

తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వెలిగింది. ఎర్ర అక్షరాలు: ‘రూల్ తొలగించబడింది. ఫైల్ నిలిపివేయబడింది. 06:31.’

జనని నేల మీద, పెరుగన్నంలోనే కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఎవరూ చూడలేదు, ముఖేష్ తప్ప. అతను కళ్ళు తెరిచి గడియారం చూస్తున్నాడు. ఇప్పుడు అతనికి కావలసినంత మంచి టైమ్.

*

సాయంత్రం అయిదున్నరకి తిరువొత్తియూరు ఒడ్డున పడవలు ఒక్కొక్కటే కనిపించాయి. జనని లెక్కపెట్టింది. పదకొండు దాకా వచ్చి ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తర్వాత వెనకగా, ఏమీ తొందర లేనట్టు, పన్నెండోది వచ్చింది. కన్నియప్పన్‌ది.

పొన్నుతాయి గంప నెత్తిన పెట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. "ఏంది, ఈడికి వచ్చినావు?"

"చేపలు కొందామని."

"పేరు ఏ కాగితం మీదా లేదు కదా?"

పొద్దున దాకా ఉంది. మధ్యాహ్నం ఆరోగ్యసామిని ఇంటికి పంపించే ముందు, అతని ముందే ఆ ఫైల్లో పేర్లన్నీ తుడిపించి పన్నెండు నెంబర్లు మాత్రం ఉండేలా తనే నిలబడి చేయించింది. "లేదక్కా," అంది జనని. ఈసారి అబద్ధం కాదు. పొన్నుతాయి ఆమె మొహాన్ని కాసేపు చూసి, బేరమాడకుండా రెండు వంజరం చేపలు సంచిలో వేసింది.

చీకటి పడకముందే చూలై చేరింది. ఇనుప తలుపు అవతల ఆదికేశవులు అరెస్ట్ మెమో చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పెన్ను మూత ఇంకా తీయలేదు.

"శత్రువులకి పంచాంగం తెలియదంటివే?"

"తప్పయింది సార్."

"అది సరే. ఇదేంది అమ్మణ్ణీ? అరెస్ట్ చేసిన టైమ్ పదకొండు యాభై తొమ్మిది అని రాసినావు. రాహుకాలంలో మొదలుపెట్టిన కేసు కోర్టులో నిలబడతాదా? పన్నెండూ అయిదు అని రాస్తే నీ సొమ్మేం పోతాది?"

"కుదరదు సార్. ల్యాబ్ తలుపు పగలగొట్టింది, బేడీలు వేసింది, అన్నీ కెమెరా లాగ్‌లో ఉన్నాయి. అందులో టైమ్ 6:29 అని ఉంది, గ్రీన్‌విచ్ లెక్కలో. అక్కడ ఈ రోజు రాహుకాలం ఎన్నింటికో చూసుకుని సంతకం పెట్టండి."

ఆదికేశవులు లేచి నిజంగానే క్యాలెండర్ దగ్గరికి వెళ్ళాడు.